అద్దం మీదున్న ట్యాగ్ ఎవరిదో ముందు తేల్చుకోండి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఈమధ్యే హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, అద్దం మీద పాత యజమాని అంటించిన ఫాస్టాగ్ (టోల్ గేట్లలో డబ్బు కోసే ట్యాగ్) ఉంది, దానికే డబ్బు వేసుకుని వాడుకోవచ్చా అన్నది ఒకటి. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని పుణె మీదుగా ముంబై వెళ్తున్నారు, దారిలో కర్ణాటక, మహారాష్ట్ర వస్తాయి, వాటికి విడిగా పాస్ తీసుకోవాలా అన్నది రెండోది. వార్షిక పాస్ కొంటే టోల్ గేట్లన్నింటికీ సరిపోతుందా అన్నది మూడోది.

మలక్‌పేటలో ఇరవై ఏళ్లుగా టాక్సీలు తిప్పుతున్నాను. ఇంటి అవసరానికి సొంత కారు వేరే ఉంది. గేటు దగ్గర నోట్లు లెక్కపెట్టి చిల్లర కోసం ఎదురుచూసిన రోజులూ చూశాను, ఈ ట్యాగ్ వచ్చాక పడ్డ తిప్పలూ చూశాను. మీతో పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి కొంచెం విడమరచే రాస్తాను.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. రాష్ట్రానికొక పాస్ అన్నది మన దేశంలో లేదు. ఫాస్టాగ్ ఏ బ్యాంకు ఇచ్చినా, ఏ ఊళ్లో తీసుకున్నా, దేశమంతటా ఒకటే పనిచేస్తుంది. ట్యాగులు ఇచ్చే బ్యాంకులన్నింటినీ, గేట్ల దగ్గర డబ్బు వసూలు చేసే బ్యాంకులన్నింటినీ ఎన్‌పీసీఐ ఒకే వ్యవస్థలో కలిపింది. మన ఫోన్లలో యూపీఐ నడిపే సంస్థ కూడా అదే. కాబట్టి సరిహద్దు దాటుతున్నామన్న దిగులు వద్దు. ప్రయాణాన్ని పాడుచేసే సంగతులు వేరే రెండు ఉన్నాయి. ట్యాగ్ ఎవరి పేరున ఉంది, మీరు ఎక్కిన రోడ్డు ఎవరిది. మీ మొదటి ప్రశ్న, మూడో ప్రశ్న సరిగ్గా ఆ రెండింటి మీదే ఉన్నాయి.

ముందు పాత ట్యాగ్ సంగతి. దానిని వాడకండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ ట్యాగ్ పాత యజమాని కేవైసీ (బ్యాంకుకు ఇచ్చిన గుర్తింపు వివరాలు) మీద, ఆయన ఫోన్ నంబరు మీద నడుస్తోంది. మీరు డబ్బు వేస్తే అది ఆయన ఖాతాలో పడుతుంది. గేటు దగ్గర ఎంత కోశారో చెప్పే సందేశం ఆయన ఫోనుకు వెళ్తుంది. బ్యాంకు ఏదైనా కాగితం అడిగితే ఆయననే అడుగుతుంది. కారు అమ్మేశాను కదా, ఇంకా నా పేరున ఎందుకని ఆయన ఒక రోజు ట్యాగ్ మూసేస్తే, ఆ రోజు మీరు షోలాపూర్ దగ్గర ఉండవచ్చు. ఆయన తప్పేమీ లేదు, అమ్మిన మనిషి మూసేయడమే పద్ధతి.

అది మూతపడకుండా ఉంటే మీకు ఇంకో చిక్కు. ఒక వాహనానికి ఒకే ఫాస్టాగ్ అన్నది ఇప్పుడు నియమం. మీ కారు నంబరు మీద పాత ట్యాగ్ బతికి ఉన్నంతకాలం ఇంకో బ్యాంకు కొత్తది సవ్యంగా ఇవ్వలేదు. ఒకవేళ ఇచ్చినా రెండింటిలో పాతది ఆగిపోతుంది, ఆ గందరగోళంలో మీరు గేటు దగ్గర నిలబడతారు. అందుకని ముందు పాతది మూయించాలి, ఆ తర్వాతే కొత్తది. మీ నంబరుపై ఏ బ్యాంకు ట్యాగ్ ఉందో, అది పనిచేస్తోందో లేదో ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో వాహనం నంబరు కొట్టి చూసుకోవచ్చు.

మూసే పని పాత యజమాని ఆ బ్యాంకు యాప్‌లోనో, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసో చేయాలి. ఆయన కట్టిన డిపాజిట్, మిగిలిన బ్యాలెన్స్ ఆయనకే తిరిగి వస్తాయి కాబట్టి అడిగితే సంతోషంగానే చేస్తారు. ఆయన ట్యాగ్ పేటీఎం పేమెంట్స్ బ్యాంకుది అయితే అసలు ఆలోచించే పనే లేదు, రిజర్వు బ్యాంకు ఆంక్షల వల్ల 2024 మార్చి 15 తర్వాత వాటిలో డబ్బు వేయడానికే వీలు లేదు.

దీనికంటే ముందు ఆర్సీ. కారు మీ పేరుకు మారిందా? ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని కాగితాలు ఇంట్లో దాచుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. కొన్న 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. ఆర్సీలో ఒక పేరు, ట్యాగ్ దరఖాస్తులో ఇంకో పేరు ఉంటే బ్యాంకు ఒప్పుకోదు. ఒప్పుకున్నా తర్వాత కేవైసీ పరిశీలనలో ఆగిపోతుంది. వచ్చే నెల ప్రయాణం అంటున్నారు కాబట్టి ఈ వారమే రవాణా శాఖ కార్యాలయం పని చూసుకోండి. మిగిలిన పనులన్నీ కలిపినా ఒకటి రెండు రోజులు, ఇదొక్కటే ఆలస్యమయ్యేది.

ఆర్సీ చేతికి వచ్చాక కొత్త ట్యాగ్ సులువు. మీకు ఖాతా ఉన్న బ్యాంకు యాప్‌లోనే తీసుకోండి. ఆర్సీ, ఆధార్ లేదా పాన్, నంబరు ప్లేటు కనిపించేలా కారు ముందు వైపు ఫొటో సిద్ధంగా పెట్టుకోండి. కారుకు సాధారణంగా ట్యాగ్ రుసుము 100 రూపాయలు, తిరిగి వచ్చే డిపాజిట్ 200 రూపాయలు, దాని మీద మీరు వేసుకునే బ్యాలెన్స్. టోల్ గేట్ల దగ్గర గొడుగు వేసుకుని ట్యాగులు అమ్మేవాళ్ల దగ్గర తొందరలో తీసుకోవద్దని నా సలహా. వాళ్లు మోసం చేస్తారని కాదు, హడావిడిలో ఫోన్ నంబరు ఒక అంకె తప్పుగా పడినా, వాహనం తరగతి తప్పుగా పడినా తర్వాత సరిచేయించుకోవడం మీ వంతవుతుంది. కారు, జీపు, వ్యాను తరగతి ట్యాగ్ ఊదా రంగులో ఉంటుంది. చేతికి రాగానే ఆ రంగు, దాని మీద నమోదైన మీ బండి నంబరు చూసుకోండి.

ఫోన్ నంబరు గురించి ఎందుకింత చెబుతున్నానంటే, నాకు తగిలిన దెబ్బ అక్కడే. 2024లో మా కారు ఒకటి బెంగళూరు బయలుదేరింది. లోపల ఆపరేషన్ చేయించుకోబోతున్న ఒక పెద్దాయన, ఆయన భార్య. ట్యాగ్‌లో రెండు వేల రూపాయలకు పైగానే ఉంది. మొదటి గేటులోనే బ్లాక్ లిస్ట్ అని వచ్చింది, అంటే బ్యాంకు ఆ ట్యాగ్‌ను ఆపేసింది. కేవైసీ కొత్తగా ఇవ్వాలని బ్యాంకు నెల రోజులుగా సందేశాలు పంపుతోందట, అవన్నీ పని మానేసి వెళ్లిపోయిన ఒక డ్రైవరు ఫోనుకు వెళ్లాయి. ట్యాగ్ తీసుకున్న రోజు ఆ అబ్బాయి నంబరు ఇచ్చింది నేనే. వెళ్లేటప్పుడు ప్రతి గేటులో రెట్టింపు కట్టారు. డబ్బు నేను తిరిగి ఇచ్చాను, కానీ ప్రతి గేటు దగ్గర కారు పక్కకు తీయించి మాట్లాడుతుంటే ఆ పెద్దాయన ఎంత ఇబ్బంది పడ్డారో డ్రైవరు చెప్పినప్పుడు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి మా ట్యాగులన్నీ నా నంబరు మీదే ఉన్నాయి. ఏ కారైనా రాష్ట్రం దాటే ముందు రోజు ట్యాగ్ పరిస్థితి నేనే చూస్తాను. బ్యాలెన్స్ ఉన్నంత మాత్రాన ట్యాగ్ బతికి ఉన్నట్టు కాదు. మీరు చూడవలసింది రెండూ.

గేటు లోపల జరిగేది తెలిస్తే ఈ జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతుంది. ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు, డబ్బూ ఉండదు. లేను పైన ఉన్న రీడర్ పంపే రేడియో తరంగాలతోనే దానికి శక్తి వస్తుంది, ఆ శక్తితో అది తన నంబరు మాత్రం చెబుతుంది. ఆ నంబరు మంచిదా, బ్లాక్ లిస్టులో ఉన్నదా అన్నది గేటు కంప్యూటరు చూసుకుని కర్ర ఎత్తుతుంది, డబ్బు లెక్క తర్వాత బ్యాంకుల మధ్య తేలుతుంది. కొంత ఆలస్యంగా సందేశం రావడం అందుకే. (సిగ్నల్ దగ్గర అద్దం తుడిచే పిల్లలు చేతి వాచీతో ట్యాగ్‌లో డబ్బు లాగేస్తున్నారని 2022లో ఒక వీడియో తిరిగింది, ఇప్పటికీ మా కస్టమర్లు అడుగుతుంటారు. అది అబద్ధం. నమోదైన వ్యాపార సంస్థలకు తప్ప ఈ వ్యవస్థలో మనిషికి డబ్బు వెళ్లే దారే లేదు.)

పాత పద్ధతి గేట్లలో బ్లాక్ లిస్టు కొంతసేపటికొకసారి దిగుతుంది. మీరు లైనులో నిలబడి ఫోనులో రీచార్జ్ చేసినా ఆ గేటుకు సంగతి వెంటనే తెలియదు. జాతీయ రహదారుల మీది గేట్లన్నీ ట్యాగ్ పరిస్థితిని అప్పటికప్పుడు తెలుసుకునే కొత్త పద్ధతికి మారాయని, కొన్ని రాష్ట్ర రహదారుల గేట్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయని 2025 ఫిబ్రవరిలో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రకటించింది. అదే నెల 17 నుంచి ఎన్‌పీసీఐ నియమం ఒకటి వచ్చింది: రీడర్ చదవడానికి ముందు 60 నిమిషాలకు పైగా బ్లాక్ లిస్టులో ఉండి, చదివాక 10 నిమిషాల దాకా కూడా అలాగే ఉన్న ట్యాగ్ చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. నేను పాటించేది ఒకటే, ఇంటి దగ్గర బండి తీయకముందే మొత్తం దారికి సరిపడా వేస్తాను. కొండల మధ్య సిగ్నల్ అందని చోట రీచార్జ్ చేయాలని చూడటం కంటే అది ప్రశాంతం.

ట్యాగ్ అద్దం లోపలి వైపు, మధ్యలో, వెనుక చూసే అద్దం దగ్గర పూర్తిగా అంటించండి. చేత్తో పట్టుకుని చూపించే ట్యాగులను బ్లాక్ లిస్టులో పెట్టాలని 2025 జులైలో ఎన్‌హెచ్‌ఏఐ నిర్ణయించింది. పాతది గీకి తీసేయండి, రెండు ట్యాగులు పక్కపక్కన ఉంచవద్దు.

ఇక రోడ్డు ఎవరిది అన్న సంగతి. వార్షిక పాస్ కొనాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

ఆ పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు ధర 3000 రూపాయలు. దానికి ఒక ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందు అయితే అది. సొంత కారు, జీపు, వ్యానులకే ఇస్తారు. మా టాక్సీలకు రాదు. కొత్త ట్యాగ్ ఏదీ ఇవ్వరు, రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో కొంటే మీ అద్దం మీదున్న ట్యాగ్‌కే పాస్ తగులుకుంటుంది. ట్యాగ్ బండి నంబరు మీద నమోదై ఉండాలి. కొత్త కార్లకు షోరూములో ఛాసిస్ నంబరు మీద ఇచ్చిన ట్యాగులకు ఆ నంబరు మార్పించేదాకా పాస్ రాదు. మీది పాత కారు కాబట్టి ఆ సమస్య లేదు. ఒక్కో గేటు దాటితే ఒక ట్రిప్పు, తిరిగి వస్తే ఇంకొకటి. ఆ 3000ను 200తో భాగిస్తే గేటుకు 15 రూపాయలు, జాతీయ రహదారి గేట్లలో మామూలుగా కోసేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ.

కానీ ఇది జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్ వేలకు మాత్రమే. మీ దారినే తీసుకోండి. ఇంటి నుంచి ఔటర్ రింగు రోడ్డు ఎక్కి ముత్తంగి దగ్గర దిగుతారు. 158 కిలోమీటర్ల మన ఔటర్ రాష్ట్రానిది. అక్కడ పాస్ చెల్లదు, మీ ట్యాగ్ బ్యాలెన్స్ నుంచి దూరాన్ని బట్టి కోస్తారు. ముత్తంగి నుంచి 65వ జాతీయ రహదారి. సదాశివపేట దాటాక కంకోల్ గేటు, అక్కడ పాస్ పనిచేస్తుంది. జహీరాబాద్ తర్వాత కర్ణాటకలోకి వెళ్లి హుమ్నాబాద్ మీదుగా మహారాష్ట్రలో ప్రవేశిస్తారు, రోడ్డు అదే, పాస్ అదే. షోలాపూర్ ముందు తల్మోడ్, ఫుల్‌వాడి, ఆ తర్వాత సావళేశ్వర్, వరవడే, సర్డేవాడి, పాటస్ గేట్లు, పుణె దాకా ఇబ్బంది లేదు.

పుణె నుంచి ముంబైకి ఎక్స్‌ప్రెస్ వే ఎక్కగానే లెక్క మారుతుంది. అది మహారాష్ట్ర రహదారుల అభివృద్ధి సంస్థది. పాస్ చెల్లదు, ట్యాగ్ చెల్లుతుంది. 2023 ఏప్రిల్‌లో కారుకు అక్కడి రుసుము 320 రూపాయలు చేశారు. ముంబైలోకి వాశి వైపు నుంచి వెళ్తే నగర ప్రవేశ గేట్ల దగ్గర కార్లకు ఏమీ తీసుకోరు, 2024 అక్టోబరులో ఆ ఐదు గేట్లలో చిన్న వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. సముద్రం మీదున్న అటల్ సేతు ఎక్కితే మాత్రం విడిగా కట్టాలి. తిరుగు ప్రయాణంలో నాగపూర్ వైపు వెళ్లే సమృద్ధి మహామార్గ్ చూద్దామనుకుంటే అదీ రాష్ట్రానిదే. అందుకని పాస్ ఉన్నా ట్యాగ్‌లో బ్యాలెన్స్ సున్నా చేయవద్దు. పాస్ కొన్నాం కదా అని బ్యాలెన్స్ వేయకుండా బయలుదేరి, రాష్ట్ర రహదారి గేటులో ఆగిపోయినవాళ్లను చూశాను.

ఇక్కడి చుట్టుపక్కల కూడా ఇదే తేడా. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడింటిలో పాస్ నడుస్తుంది. బెంగళూరు దారిలో రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి కూడా అంతే. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి రాష్ట్రానిది, దుద్దెడ గేటులో బ్యాలెన్స్ నుంచే పోతుంది. తిరుమల వెళ్లేవాళ్లకు అలిపిరి దగ్గర 2025 ఆగస్టు 15 నుంచే ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, అదీ జాతీయ రహదారి కాదు కాబట్టి పాస్‌తో సంబంధం లేదు. శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్ కూడా అంతే.

మీకు పాస్ లాభమా? బెంగళూరు రాను పోను పద్నాలుగు గేట్లకు తక్కువ కావు. పుణె ప్రయాణం కూడా అలాంటిదే. ఈ ఏడాదిలో ఇలాంటి ప్రయాణాలు మూడు నాలుగు ఉంటే, పండుగలకు విజయవాడ వైపు వెళ్లే అలవాటుంటే కొనండి, కళ్లు మూసుకుని చెబుతాను. పుణె ఒక్కసారి వెళ్లి వచ్చి, మిగతా ఏడాదంతా ఔటర్ మీదే తిరుగుతామంటే వద్దు. కొన్నాక డబ్బు వెనక్కి రాదు, కారు అమ్మితే పాస్ ఇంకో కారుకు మారదు. కొనేటప్పుడు పాస్ డబ్బు విడిగా కట్టాలి, ట్యాగ్ బ్యాలెన్స్ నుంచి తీసుకోరు. బయలుదేరే ఉదయం కాకుండా ముందు రోజే కొనండి.

పాస్ లేకపోయినా ఒక రాయితీ ఎవరూ అడగకుండానే వస్తుంది. జాతీయ రహదారి గేటులో 24 గంటల్లోపు తిరిగి వస్తే వెళ్లేటప్పటి రుసుములో సగమే కోస్తారు. సూర్యాపేట దాకా పెళ్లికి వెళ్లి సాయంత్రానికి వచ్చేవాళ్లు సందేశంలో తక్కువ మొత్తం చూసి పొరపాటు అనుకుంటారు, అది పొరపాటు కాదు.

అన్నీ చూసుకున్నా ట్యాగ్ ఆగిపోతే, 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం జాతీయ రహదారి గేటులో నగదు కడితే రెట్టింపు. యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. అంటే 100 రూపాయల గేటుకు నగదు 200, యూపీఐ 125. నోట్లు తీసేముందు ఫోను తీయండి.

తప్పు మీది కాకపోతే మాత్రం కట్టకండి. ట్యాగ్ పనిచేస్తూ, బ్యాలెన్స్ ఉండి, గేటు యంత్రమే చెడిపోతే డబ్బు తీసుకోకుండా వదలాలని, సున్నా రసీదు ఇవ్వాలని 2018 నాటి నిబంధన ఉంది. ఫోనులో ట్యాగ్ పరిస్థితి తెరిచి చూపించి మర్యాదగా అడగండి. వినకపోతే అక్కడి నుంచే 1033కు ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల సహాయ నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఒక గేటుకు రెండుసార్లు కోసినా, దాటని గేటుకు కోసినా మీ బ్యాంకు యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. నా టాక్సీలకు అలా కోసినవి చాలాసార్లు వెనక్కి వచ్చాయి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు మాత్రం ఫోన్ చేయకండి, వాటిలో దొంగ నంబర్లు ఉంటాయి. బ్యాంకు యాప్‌లోనో, ట్యాగ్ మీదనో ఉన్న నంబరే వాడండి.

పాత యజమానికి ఈ రాత్రే ఫోన్ చేయండి. ట్యాగ్ మూసినట్టు బ్యాంకు పంపే సందేశాన్ని మీకు పంపమనండి. ఈ నంబరు మీద ఇప్పటికే ట్యాగ్ ఉందని కొత్త బ్యాంకు అంటే చూపించడానికి అది పనికొస్తుంది. ఆయన దొరకకపోతే ఏ బ్యాంకు ట్యాగో ఇక్కడ రాయండి, మీ పేరున మారిన ఆర్సీతో ఆ బ్యాంకులో మూయించే దారి చెబుతాను.